శంషాబాద్‌లో విప్పిన పసుపు సంచి

మార్చి నెలలో ఒక మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకు ఆర్మూర్ బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. నేను, దొంకేశ్వర్ ఊరి నర్సవ్వక్క, ఆమె ఒళ్లో రెండు కిలోల పసుపు కొమ్ముల సంచి. మధ్యాహ్నం పన్నెండున్నరకు శంషాబాద్ నుంచి కొచ్చిన్ విమానం. విమానం ఎక్కడం మా ఇద్దరికీ మొదటిసారి. మా తర్వాత పసుపు నమూనా పట్టుకుని ఇదే దారిలో వెళ్లే రైతులు ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు పసుపు మార్కెట్ యార్డు గేటు ఎదుట బస్తాలు కుట్టే దుకాణం ఉంది. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా ఊరి గ్రంథాలయంలో, ఇరవై ఏళ్లుగా, రోజూ సాయంత్రం. చరిత్ర, భూగోళం అయిపోయాక చట్టాల అలమారా మొదలుపెట్టాను. పౌరహక్కుల మీద అక్కడున్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాను. నర్సవ్వక్క నన్ను తోడు పిలిచింది అందుకే. ఆమె ఇరవై రెండు మంది పసుపు రైతుల సంఘానికి పెద్ద.

సంఘంలో ఒక పద్ధతి ఉంది. నమూనా కొమ్ములను తెల్లగుడ్డ సంచిలో పోసి, అందరి ఎదుట మూతి కుట్టి, కుట్టు కొసకు లక్క పోసి ముద్ర వేస్తారు. గుడ్డ మీద అందరూ సంతకాలు పెడతారు. దాన్ని విప్పేది కొనేవాడే. పోయినేడు ఒక దళారి దారిలో నమూనా మార్చేసి వీళ్ల పసుపుకు చెడ్డపేరు తెచ్చాడు. అప్పటినుంచి ఈ కట్టుబాటు. కొచ్చిన్ కంపెనీ వాళ్లు కూడా ముద్ర చెదరకుండా వస్తేనే పరీక్షిస్తామన్నారు. నమూనా నచ్చితే సంఘం పంట మొత్తం దళారి లేకుండా అమ్ముడుపోతుంది. ఆ సంచి కుట్టింది నేనే.

డిచ్‌పల్లి దాటాక పక్క సీటులోని ఖలీల్ భాయ్ మాట కలిపాడు. ఆయనది ఆర్మూరే. దుబాయి నుంచి వస్తున్న తమ్ముడి కోసం ఎయిర్‌పోర్టుకు వెళ్తున్నాడు.

"గీ సంచి లోపలికి పోనిస్తరా? విప్పి చూస్తరు భాయ్," అన్నాడు.

అనుమానం లేకుండా ప్రతి మనిషి సంచీ విప్పే అధికారం ప్రభుత్వానికి ఎక్కడిదని అడిగాను. ఇంట్లోకి పోలీసు రావాలంటే కారణం చూపాలి కదా, సంచి మాత్రం ఏం పాపం చేసిందన్నాను. కామారెడ్డిలో చాయ్ తాగుతూ కూడా వదల్లేదు.

"ఇల్లు ఆకాశంల ఎగరదు గద. గా విమానంల నా తమ్ముడుంటడు. అందరి సంచులు చూసినంకనే ఎక్కియ్యాలె. నాకు గా ఫికర్ ఉంటది, నీ బుక్కులకు ఉండదు," అన్నాడు ఖలీల్ భాయ్.

"మీరిద్దరు కొట్లాడుకోండ్రి. నా సంచి మాత్రం ఎవ్వలు ముట్టొద్దు," అంది నర్సవ్వక్క.

ఎనిమిదీ ముప్పావుకు జూబ్లీ బస్టాండు చేరాము. అక్కడ ఇడ్లీ తిని, ఎయిర్‌పోర్టు బస్సులో పదింబావుకు శంషాబాద్ చేరాము. గేటు దగ్గర టికెట్టు, ఆధార్ కార్డు చూపాలి. ఖలీల్ భాయ్ విమానం దిగి వచ్చేవాళ్ల గేటు వైపు వెళ్లిపోయాడు. లోపల కౌంటరు అమ్మాయి సంచిని పెద్ద సామానుతో వేయమంది. అక్క ఒప్పుకోలేదు. "చేతుల కెళ్లి దించనని సంఘంల మాటిచ్చిన బిడ్డా."

పదకొండుకు తనిఖీ వరుసలో నిలబడ్డాము. మొదట దొరికింది నేను. బస్తాలు కుట్టే లావు సూది, దబ్బనం, ఎప్పుడూ నా చొక్కా కాలరు మడతలో గుచ్చి ఉంటుంది. స్నానానికి తప్ప తీయను. తీయాలన్న ఆలోచనే రాలేదు. యంత్రం కూసింది, దబ్బనం డబ్బాలో పడింది. వెనక అక్క నవ్వు వినబడింది.

"ఇంత సదివినవ్, సూది తీసిపెట్టాలని ఏ బుక్కుల లేకుండెనా తమ్మి?"

ఆ నవ్వు ఎంతోసేపు లేదు. సంచిని బల్ల మీద పక్కకు పెట్టారు. అక్కడి అధికారిణికి ముప్పై ఏళ్లుంటాయి, హిందీలో మాట్లాడింది. యార్డు హిందీ నాకు వచ్చు.

"తెర మీద ఒకటే ముద్దగా కనిపిస్తోంది. విప్పండి."

ముద్ర సంగతి చెప్పాను. అక్క ముఖం తెల్లబోయింది. "విప్పితే మా కష్టమంత పాయె బిడ్డా."

"మీరు చూడొద్దనడం లేదు మేడం. చూసే అధికారానికి హద్దు ఎక్కడ అని అడుగుతున్నాను," అన్నాను.

"చూడకుండా లోపలికి పంపను. అదే నా హద్దు. మీ వెనక నలభై మంది ఉన్నారు. విప్పుతారా, వెనక్కి వెళ్తారా?"

ఆమె గొంతులో కోపం లేదు. అక్క నా వైపు చూసింది. "నువ్వే చెప్పు తమ్మి. నాకు సమజైతలేదు."

వెనక్కి వెళ్తే నమూనా చేరదు. విప్పితే చెల్లదు. ఖలీల్ భాయ్ తమ్ముడు గుర్తొచ్చాడు. విప్పుదామన్నాను. లక్క పగలగొట్టి, నేను వేసిన కుట్టును నేనే లాగాను. ఆమె గ్లవుజు చేతితో కొమ్ములను అడుగు దాకా కదిపి చూసింది. రెండు నిమిషాలు పట్టలేదు.

"అయింది, తీసుకెళ్లండి."

నేను కదల్లేదు. "మేడం, నా సూది ఒక్కసారి ఇవ్వండి. మీ ముందే కుట్టి తిరిగి ఇచ్చేస్తాను."

ఆమె పక్కనున్న పెద్దాయనను చూసింది. ఆయన తలూపాడు. తనిఖీ గీతకు బయటి వైపు నిలబడి కుట్టమన్నారు. పాత దారంతోనే తొమ్మిది కుట్లు వేశాను. సూది మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. అప్పుడు బోర్డింగ్ పాస్ వెనక్కి తిప్పి ముందు పెట్టాను. తనిఖీ కోసం విప్పారని, తన కళ్లముందే కుట్టారని రాసి, టైం వేసి సంతకం చేయమన్నాను.

"అలా రాయాలని రూలు లేదు."

"రాయొద్దని ఉందా మేడం?"

ఆమె కొంచెం నవ్వింది. పదకొండూ ఇరవై ఆరు అని వేసి, రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి, కింద తన నంబరు కూడా వేసింది.

విమానం సరైన టైముకు బయలుదేరింది. అక్కకు కిటికీ సీటు దొరికింది కానీ గంటన్నరా సంచినే చూస్తూ కూర్చుంది. రెండుంబావుకు దిగి, బస్సులో ఊళ్లోకి వెళ్లి, నాలుగింటికి కంపెనీ ఆఫీసులో ఉన్నాము. పరీక్షల విభాగం మేనేజరు, నెరిసిన గడ్డం మనిషి, లక్క ముద్ర లేకపోవడం చూసి సంచి పక్కకు నెట్టాడు. నా ముక్కల ఇంగ్లిష్‌లో జరిగింది చెప్పి కాగితం ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. కుట్లు లెక్కపెట్టాడు.

"విప్పినవాళ్లు పేరు రాసి ఇవ్వడం ఇదే మొదటిసారి చూస్తున్నాను," అని కుట్టు తెంపి ఒక కొమ్ము విరిచాడు. టక్కున విరిగింది. లోపలి రంగు వెలుతురుకు పట్టి చూసి, తక్కినవి ల్యాబుకు పంపాడు. సాయంత్రం ఆరున్నరకు మమ్మల్ని పిలిచి, నమూనా నచ్చిందని, పంట కోసం లారీ దొంకేశ్వర్‌కే పంపుతామని చెప్పాడు.

అక్క ఆఫీసు మెట్ల మీదే కూర్చుని సంఘానికి ఫోన్ చేసింది. అవతల ఎంతమంది ఒకేసారి మాట్లాడారో నాకు కూడా వినబడింది. ఆ రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాము. లావు బియ్యం అన్నం, చేపల పులుసు. అక్క మూడుసార్లు వడ్డించుకుంది.

మర్నాడు పొద్దున తిరుగు విమానం. వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సంచి విప్పనని మొండికేయకండి. విప్పినాక మాత్రం సంతకం లేకుండా కదలకండి.

కొచ్చిన్‌లో ఖాళీ చేతులతోనే తనిఖీకి వెళ్లాను. ఒకాయన నా చంకల నుంచి మడమల దాకా తడిమాడు. చేతులు చాపి నిలబడ్డాను, ఆయన తలూపగానే వచ్చేశాను. బెల్టు పెట్టుకుంటుంటే తట్టింది, ఈసారి నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదని. సంచి కోసం అంత వాదించి, ఒంటి కోసం నోరెత్తలేదేమని అక్కతో అన్నాను.

ఆమె చెప్పులు తొడుక్కుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"ఒళ్లు నీ ఒక్కనిది తమ్మి. సంచి ఇరవై రెండు మందిది. నడువు, విమానం పోతది."