వంక పెట్టని చిన్న మామయ్య కళ్ళజోడు

మొన్న గన్నవరంలో నా కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ముప్ఫై ఏళ్ళ యువకుడొకడు వాళ్ళమ్మతో నా ముందు కూర్చుని ఉన్నాడు. అక్కడి అమ్మాయి కెమెరా లాంటి పరికరం ఒకటి అతని మొహానికి ఎదురుగా పట్టుకుని, ఒక్క ప్రశ్నయినా అడక్కుండా రెండు కళ్ళ నంబర్లూ రాసేసుకుంది. విజయవాడ కంటి ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు కళ్ళజోడు నంబర్లు చూసిన మనిషిని కదా, అలా చూస్తూ ఉండిపోయాను. మా చిన్న మామయ్య గుర్తొచ్చాడు.

చిన్న మామయ్య అంటే మా అమ్మకు ఆఖరి తమ్ముడు. ఆయనా అలా పుట్టినవాడే. ఆటోనగర్‌లో మా పెద్ద మామయ్యకు లారీ స్పేర్ పార్టుల షాపు ఉండేది. అక్కడ కలిసిపోయిన బోల్టులూ నట్లూ సైజుల వారీగా ఏరి డబ్బాల్లో వేయడం చిన్న మామయ్య పని. హనుమాన్ జంక్షన్ నుంచి పొద్దున్నే అన్నగారితో బస్సెక్కి వచ్చేవాడు. ఆ పని చూసుకుని ఆయనకెంత గర్వమంటే, పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళు పలకరిస్తే పేరుకంటే ముందు ఉద్యోగం చెప్పేవాడు.

నలభై దగ్గర పడేసరికి సైజులు తారుమారు కావడం మొదలైంది. నేనప్పుడే ఉద్యోగంలో చేరాను, చదువుకున్నానన్న పొగరు కొంచెం ఉండేది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మారుస్తూ ఇది బాగుందా, ఇదా అని అడిగాను. వేసిన ప్రతి అద్దానికీ "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నాడు. ఏదో ఒక నంబరు రాసిచ్చాను. పాపం, ఏడాదిపాటు ఆ జోడే పెట్టుకుని తిరిగాడు. తప్పులు ఇంకా ఎక్కువయ్యాయి. మెకానిక్కులు బోల్టులు వెనక్కి తెచ్చి గొడవ పడుతుంటే పెద్ద మామయ్య విసిగిపోయి, వాడి బుర్రకిక ఎక్కదు, ఉగాది నుంచి ఇంటి దగ్గరే ఉంచేస్తానన్నాడు. ఆ మాట విని మా అమ్మ ఏడ్చింది.

అసలు సంగతి నాకు ఒక ఆదివారం భోజనాల దగ్గర గానీ వెలగలేదు. అత్తయ్య పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. అందరం మొహాలు చూసుకుంటుంటే చిన్న మామయ్య ఒక్కడే చాలా బాగుందంటూ తింటున్నాడు. వడ్డించినదానికి వంక పెట్టకూడదని మా అమ్మమ్మ నేర్పిన మర్యాద అది. నా అద్దాలకూ ఆయన చూపించింది ఆ మర్యాదే! నాకు సిగ్గేసింది.

మర్నాడే ఆయన్ని మా ఆస్పత్రికి తీసుకువెళ్ళి, ఈసారి ఏమీ అడగలేదు. రెటినోస్కోప్ అని చేతిలో పట్టుకునే చిన్న దీపం ఉంటుంది. గది కాస్త చీకటి చేసి దానితో కంట్లోకి వెలుగు వేసి, కంటిపాపలో కదిలే నీడ నిలిచిపోయేదాకా అద్దాలు మార్చుకుంటూ పోతే, మనిషి నోరు విప్పకపోయినా కన్నే నంబరు చెబుతుంది. ఆయన చూపు దూరంగా నిలవాలి గనుక, షాపులో ఎవరూ నవ్వు చూసి ఎరగని పెద్ద మామయ్యను గది చివర నిలబెట్టి కోతి వేషాలు వేయించాను. తర్వాత చిన్న మామయ్య చేతికి ఒక బోల్టు ఇచ్చి, దాన్ని చూస్తుండగా మళ్ళీ వెలుగు వేశాను. దగ్గరి వస్తువు మీద ఆయన కన్ను కుదురుకోవడమే లేదు. దూరానికి నేనిచ్చిన నంబరు తప్పు, దగ్గరకు అసలివ్వనే లేదు. బుర్రదేం తప్పు లేదు మామయ్యా, తప్పంతా నాదేనని పెద్దాయనతో చెప్పేశాను.

దూరానికీ దగ్గరకూ కలిపి బైఫోకల్ జోడు చేయించాం. అది పెట్టుకుని షాపుకు వెళ్ళిన మొదటి రోజే డబ్బా అంతా ఏరి, ఒక బోల్టు విడిగా పెట్టి, "త్రెడ్డు అరిగిపోయింది అన్నయ్యా, ఇది ఇవ్వకూడదు" అన్నాడట. ఆ మాట చెప్పడానికి పెద్ద మామయ్య ఆ పూటే నాకు ఫోన్ చేశాడు. ఉగాది వచ్చింది, వెళ్ళింది. చిన్న మామయ్య ఇంకో పదిహేనేళ్ళు ఆ పని చేశాడు. ఆ తర్వాత మా ఆస్పత్రికి చిన్న మామయ్యలా పుట్టినవాళ్ళు ఎవరొచ్చినా నా గదికే పంపేవారు. నా ఉద్యోగంలో గొప్పగా చెప్పుకోదగ్గది ఇదొక్కటే అనుకుంటాను, చెప్పుకోవడానికి మొహమాటపడను కూడా.

ఇప్పుడు ఆ షాపు పెద్ద మామయ్య కొడుకు చూస్తున్నాడు. బోల్టులు కంపెనీలోనే సైజుల వారీగా విడదీసి పొట్లాల్లో వస్తున్నాయి, ఏరేవాళ్ళ అవసరమే లేదు. చిన్న మామయ్య లాంటివాళ్ళ చూపు క్షణంలో కొలిచేస్తున్నారు, ఎంతో మంచిదే. ఆ చూపుతో చేసుకోవడానికి చిన్నదైనా ఒక పని వాళ్ళకు ఎవరిస్తారో మాత్రం నాకు తెలియడం లేదు.