గంగారాం అన్న పడవకు ఎంత తేమ ఉండాలి

2023 మే నెల. నవీపేట్ దగ్గర గోదావరి ఒడ్డున, ఒక తుమ్మచెట్టు నీడలో ఆ ఉదయం ఉన్నవి: బోర్లించిన పద్నాలుగు అడుగుల చెక్క పడవ, దాన్ని సొంతంగా చేసుకున్న గంగారాం అన్న, ఆయన భార్య సావిత్రక్క, పాత ఎడ్లబండి చక్రం నుంచి ఊడదీసిన ఇనుప పట్టా, నేను, నా మాయిశ్చర్ మీటర్. రెండు ముళ్లు గుచ్చితే గోడలోనో చెక్కలోనో తేమ ఎంత శాతముందో చెప్పే పరికరం అది.

నేను నిజామాబాద్‌లో ఒక పెయింట్ షాపులో టెక్నికల్ అసిస్టెంట్‌ని. గోడలు ఎందుకు పొక్కుతున్నాయో చూసి, ఏ రంగు వేయాలో చెప్పడం నా పని. పడవకు రంగు అడిగిన మొదటి మనిషి గంగారాం అన్న. చేపల వేటకు ఇద్దరు కావాలి. ఒకరు తెడ్డు వేస్తే ఒకరు వల లాగాలి. వల లాగేది సావిత్రక్క. ఆమెకు ఈత రాదు. అడుగు నుంచి నీళ్లు వస్తే ఎక్కేది లేదని తేల్చి చెప్పింది. ఆమె ఎక్కకపోతే ఆ పడవ ఉన్నా లేనట్టే.

మీటర్ ఇరవై నాలుగు చూపించింది. పదిహేను దాటితే రంగు పొక్కుతుంది. నాలుగు రోజులు ఎండలో పెట్టమన్నాను.

"ఎండకు పలకలు ఇచ్చుకపోయి సందులు పడ్తయ్ తమ్మి. మేమైతె నీళ్లల్ల ముంచి పెడ్తం," అన్నాడు గంగారాం అన్న.

"తడి మీద రంగు నిలవదన్నా. దానికో లెక్క ఉంది."

చదువుకున్నవాడి మాట కదా అని ఎండబెట్టాడు. ఐదో రోజు మీటర్ పదకొండు చూపించింది. నేను సంతోషపడేలోపే సావిత్రక్క రెండు పలకల సందులో ఐదు రూపాయల బిళ్ల నిలబెట్టింది. అది జారి పడవ కిందున్న ఇసుకలో పడింది.

"నీ మిషిన్‌కు మంచిగనే ఉన్నది గాని, మునిగేది మేము గద తమ్మీ!"

మీటర్ సంచిలో పెట్టి, ఇలాంటి సందుల్లో వాళ్ల పెద్దలు ఏం పెట్టేవాళ్లని అడిగాను.

"నూలు దారం. గుగ్గిలం నూనెల ఉడికిచ్చి అండ్ల ముంచి పెట్టాలె. గట్టిగ దిగ్గొట్టద్దు. తడికి పలక ఉబ్బుతది, దానికి జాగ ఉండాలె," అన్నాడు గంగారాం అన్న.

ఆ మాటతో నేను రాసుకున్న రంగుల పట్టిక మొత్తం మారింది. సందుల్లో ఆయన చెప్పిన నూలు దారమే పెట్టాం. గట్టిపడి, పలక ఉబ్బితే పగిలే ఎపాక్సీ పూత వద్దనుకున్నాను. పడవ రోజూ సాయంత్రం ఒడ్డెక్కుతుంది కాబట్టి బయటివైపు ప్రైమర్, దాని మీద రెండు పూతల ఎనామెల్ చాలు. లోపల రంగే వద్దు, అవిసె నూనె పూస్తే చెక్కలోని తడి బయటికి పోతుంది. ఆయన నలుపు అడిగాడు. నలుపు ఎండకు ఎక్కువ కాగుతుంది, పలకలు మళ్లీ విచ్చుకుంటాయి అన్నాను. సావిత్రక్క పసుపు ఎంచింది.

ఇక కీల్ స్ట్రిప్. పడవ అడుగున పొడవునా ఉండే కర్రను రాపిడి నుంచి కాపాడే పట్టీ ఇది. ఇక్కడ నీళ్లు తగ్గితే, ప్రాజెక్టు కింద మునిగిన పాత ఊరి పునాది రాళ్లు పడవ అడుగుకు తగులుతాయి.

"బండి పట్టా సాలదా? బోధన్ దాంక శెరుకు మోసిన ఇనుము గిది," అన్నాడు.

"మోస్తుందన్నా. కానీ తుప్పు పట్టిన మేకు చుట్టూ చెక్క కుళ్లుతుంది."

బోధన్‌లో పాత సామాన్ల దుకాణంలో మూడు మిల్లీమీటర్ల మందం స్టీలు పట్టీ దొరికింది. మేకులు కాకుండా స్టీలు స్క్రూలు వాడాం. ఆరంగుళాలకు ఒక రంధ్రం వేసి, అందులో సీలెంట్ నింపి, తలలు రాళ్లకు తగలకుండా లోపలికి దించి బిగించాం.

రంగు ఆరాక, గంగారాం అన్న చెప్పినట్టే, పడవను రెండు రోజులు ఒడ్డు నీళ్లలో ముంచి ఉంచాం. మూడో రోజు నీళ్లు తోడేసి ఆయన తెడ్డు పట్టుకున్నాడు. సావిత్రక్క ఒడ్డునే నిలబడింది.

"ఎండబెట్టుమన్నది నువ్వే గదా. నువ్వే ముందుగాల కూసో."

కూర్చున్నాను. నాకూ ఈత రాదని అప్పుడు చెప్పలేదు. పది నిమిషాలు ఆమె నన్ను కాదు, నా కాళ్ల కింది పలకలను చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు దోపుకొని ఎక్కింది.

నేను నేర్చుకున్న పదిహేను శాతం తప్పు కాదు, అది గోడలకూ తలుపులకూ పనికొస్తుంది. నీళ్లలో బతికే చెక్కకు నీళ్లే సగం బిగింపు. ఇప్పుడు ఏ పనికి వెళ్లినా మీటర్ తీసేముందు, ఆ వస్తువు ఎక్కడ ఉండబోతోందో అడుగుతాను.

ఆ రోజు ముగ్గురం గంటసేపు నీళ్ల మీద ఉన్నాం. ఒడ్డుకు వచ్చాక పడవ అడుగున చేరిన నీటిని గుడ్డతో అద్ది, పిండి కొలిచాను. రెండు వందల మిల్లీలీటర్లు, గంటకు ఒక్క గ్లాసుడే.