కుర్చీలు ఖాళీ చేయించే శ్రావణ్

భోజనాలూ అప్పగింతలూ అయిపోయినా కుర్చీలు వదలని వాళ్లు ప్రతి ఫంక్షన్ హాల్లోనూ కొందరుంటారు. ఒకాయన భూముల ధరలు చెబుతుంటాడు, పక్కాయన వింటూ కునుకు తీస్తుంటాడు. బయట టెంట్ హౌస్ వాళ్ల బండి ఎదురుచూస్తుంటుంది. వీళ్లను లేపడం ఒక విద్య. నాంపల్లిలో మా గల్లీ చివరనున్న శ్యామ్‌సుందర్ టెంట్ హౌస్‌లో ఆ విద్య యజమాని కొడుకు శ్రావణ్‌ది.

శ్రావణ్‌కు ఇరవై నాలుగేళ్లు. ఆటిజం ఉంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు. మైకు గట్టిగా మోగితే చెవులు మూసుకుంటాడు. దాపరికమంటే తెలీదు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తున్న నన్ను పట్టుకుని, నా చేతిలోని పుస్తకం తీసి పక్కన పెట్టి మరీ ఈ సంగతులన్నీ చెప్పింది అతనే.

"సార్, ఫంక్షన్ అయిపోయింది. జర లెవ్వండి, కుర్చీ పోవాలె." అతను అనే మాట ఇంతే. నవ్వడు, బతిమాలడు. జనమే నవ్వుకుంటూ లేచేవారు.

పోయినేడు హిమాయత్‌నగర్‌లో ఒక పెళ్లిలో మాత్రం పెళ్లికొడుకు మేనమామ లేవలేదు. "నన్నే లెవ్వమంటవా? దిమాగ్ ఉందారా నీకు?" అని హాలంతా వినబడేలా అరిచాడు. శ్యామ్‌సుందర్ పరుగున వచ్చాడు. వచ్చి, ఆయన కూడా కొడుకు మీదే విరుచుకుపడ్డాడు.

"ఎన్నిసార్లు చెప్పాలెరా? నువ్వు మనుషులల్ల పనికిరావు. గోదాంల కూసో, పో!"

శ్రావణ్ వెళ్లి గోదాంలో కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే, నెల తిరిగినా అక్కడే. కుర్చీలు తుడిచేవాడు, అన్నం అక్కడికే తెప్పించుకునేవాడు. బండి వెనక నిలబడి ఊరంతా తిరగడమంటే ప్రాణం పెట్టేవాడే, కానీ ఇప్పుడు డ్రైవర్ బిచ్చయ్య రోజూ తలుపు దగ్గరికొచ్చి పిలిచినా కదల్లేదు. "నేను మనుషులల్ల పనికిరాను" అనేవాడు, ఇవాళ కరెంటు పోతుందట అన్నంత మామూలుగా. తండ్రి కూడా ఒకటి రెండుసార్లు "అరే, గప్పుడేదో అన్న, రా బేటా" అని చూశాడు. వాడిక ఆ గోదాం దాటడేమోనని తల్లి అహల్యకు దిగులు పట్టుకుంది.

ఆమే, అక్కడ జనం ఉండరు, ఒక్క మేడమే ఉంటుందని నచ్చజెప్పి, అతన్ని ఆబిడ్స్‌లో ఒక చీరల దుకాణం పైఅంతస్తులో ఉండే భవ్య దగ్గరికి తీసుకెళ్లింది. భవ్య చేసేది స్కీమా థెరపీ. చిన్నప్పటి నుంచి పడ్డ మాటలు లోపల పేరుకుని 'నేనింతే' అన్న నమ్మకంగా గడ్డకడతాయట. స్కీమా అంటే అదే. సరిగ్గా చూడు, సరిగ్గా కూర్చో, అట్లా అడగకు అంటూ పొద్దస్తమానం దిద్దించుకునే ఇలాంటి పిల్లల్లో ఆ గడ్డ మరీ గట్టిదట. దాన్ని బయటికి లాగి, ఎదురుగా ఒక కుర్చీలో కూర్చోబెట్టి, దాంతో మాట్లాడించడం భవ్య పద్ధతుల్లో ఒకటి.

ఆవిడ ముందు ఫ్యాను శబ్దం తగ్గించింది, లైటు ఆపింది. ఆ తర్వాత ఖాళీ కుర్చీ చూపించింది. "మిమ్మల్ని తిట్టే గొంతు ఇందులో కూర్చుందనుకోండి."

"ఎవరూ లేరు మేడం."

"ఊహించుకోండి."

"ఊహించుకున్నా లేరు. ఈ కుర్చీ కాలు ఊగుతుంది. ఇది ఫంక్షన్‌కు నడవదు."

భవ్య నవ్వేసింది. "అయితే మీ కుర్చీలే పట్టుకురండి."

పై వారం శ్రావణ్ ఐదు ప్లాస్టిక్ కుర్చీలు ఆటోలో వేసుకుని బయల్దేరాడు. "ఏంది తమ్మీ, ఆడ పెండ్లి ఉందా?" అన్నాడు ఆటో ఆయన.

"లేదు. థెరపీ ఉంది."

ఎర్ర కుర్చీ మీద 'మనుషులల్ల పనికిరావు' అని కాగితం అంటించాడు. దాని చుట్టూ నాలుగు తెల్లవి వేసి ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టాడు: మాట్లాడ రాదు, మర్యాద తెల్వదు, ఎవరికీ నచ్చవు, అన్నీ ఖరాబ్ చేస్తవు. తను మాత్రం కూర్చోనన్నాడు, పనిలో ఉన్నప్పుడు కూర్చోరట. కానీ ఎర్ర కుర్చీ ముందు నిలబడితే నోరు పెగిలేది కాదు. వారాలు అలాగే గడిచాయి.

ఒకరోజు భవ్య అడిగింది. "హాల్లో ఎవరైనా మొండికేస్తే వాదిస్తారా?"

"వాదిస్తే ఇంకా గట్టిగ కూసుంటరు. మొదలు పక్క కుర్చీలు ఎత్తుత. చుట్టూ ఖాళీ అయినంక నడి హాల్ల ఒక్కడే ఎవడు కూసుంటడు? షరం అయితది."

"మరి హిమాయత్‌నగర్‌లో?"

"ఆడ పక్కవి ఎత్తకముందే అడిగిన."

"సరే, ఇక్కడ మాత్రం పక్కవే ముందు ఎత్తుదాం."

అప్పట్నుంచి పని నడిచింది. 'మాట్లాడ రాదు' దగ్గర నిలబడి, "ఆటో ఆయనతోని ఆబిడ్స్ దాంక మాట్లాడిన" అని కుర్చీ ఎత్తేశాడు. 'ఎవరికీ నచ్చవు' దగ్గర చాలా తన్నుకులాడి, చివరికి బిచ్చయ్య పేరు చెప్పాడు. 'మర్యాద తెల్వదు' అంత సులువుగా లేవలేదు. ఎదుటివాళ్లు ఫోన్లో ఉన్నారా, తింటున్నారా అని చూసి ఆగడం భవ్యతో కలిసి అలవాటు చేసుకున్నాక, "సగం తెల్సు" అంటూ దాన్నీ ఎత్తాడు. నాలుగోదాన్ని ఏ కారణమూ చెప్పకుండానే ఎత్తాడు.

ఎర్రది ఒక్కటే మిగిలిన రోజున శ్యామ్‌సుందర్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "మేడం, పెండ్లిళ్ల సీజన్. ఆడ కుర్చీలు తక్కువ పడుతున్నయి, వీడేమో తెచ్చి మీకాడ పెట్టిండు!" అంటూ ఎదురుగా కనబడ్డ ఎర్ర కుర్చీలో కూలబడ్డాడు.

భవ్య నోరు తెరవబోయింది. శ్రావణ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాయినా, అది తిట్టేటోని కుర్చీ."

"ఎవడు వాడు?" వెనక్కి తిరిగి కాగితం చదివాడు శ్యామ్‌సుందర్. "ఎవడన్నడు బేటా గిట్లా?"

"నువ్వే."

"గిరాకీ పోతదని భయమైంది. నేనే తిడ్తే గా పెండ్లికొడుకు మేనమామ ఊకుంటడనుకున్న."

"ఆయన ఊకున్నడు. నా తలకాయల నీ గొంతు ఊకుంటలేదు."

కింద దుకాణంలో చీరల బేరం వినబడుతోంది. శ్రావణ్ ఆగాడు, బాగానే ఆగాడు. "జర లెవ్వు నాయినా. కుర్చీ పోవాలె."

శ్యామ్‌సుందర్ మోకాళ్ల మీద చేతులాన్చి లేచాడు. శ్రావణ్ ఎర్ర కుర్చీని తెల్లవాటి మీద పేర్చి, "ఆదివారం ఆర్డర్ ఏడ?" అన్నాడు.

"చాదర్‌ఘాట్."

"నేను బండెక్కుత."

"మల్ల ఎవడన్న తిడ్తే?"

"తిడ్తరు. అందరు మంచిగ లెవ్వరు కదా."

చాదర్‌ఘాట్‌లో తిట్టారు కూడా. నోట్లో పాన్‌తో ఓ పెద్దాయన, శ్రావణ్ ఇంకా అడగకముందే, "నేను లెవ్వ, పోరా. ఏం జేస్తవ్?" అని కాళ్లు చాపాడు. గేటు దగ్గరున్న శ్యామ్‌సుందర్ అలవాటు కొద్దీ రెండడుగులు ముందుకేశాడు. అంతలోనే ఆగి, వెనక్కి తిరిగి, బండి రివర్స్ చేయమని బిచ్చయ్యకు చెప్పాడు.

శ్రావణ్ పెద్దాయన కుడివైపు కుర్చీలు ఎత్తాడు, తర్వాత ఎడమవైపువి, తర్వాత వెనకవి. హాలు మధ్యలో ఒంటరిగా మిగిలిన పెద్దాయన కాసేపు పాన్ నమిలాడు. అటూ ఇటూ చూశాడు. చివరికి లేచి, కుర్చీ తనే పట్టుకుని బండి దాకా నడిచొచ్చాడు.

"ఇగ తీస్కో, నీ సింహాసనం!"

"థ్యాంక్స్ సార్" అన్నాడు శ్రావణ్, ఆయన మొహం వంక చూడకుండానే, కుర్చీ అందుకుని బిచ్చయ్యకిస్తూ.