కుర్మయ్య మాట రాయని రిపోర్టు

2022 ఎండాకాలం. నేను వనపర్తిలో ఉంటూ గద్వాల, నాగర్‌కర్నూల్ దాకా సెల్ టవర్ల దగ్గరి ఫ్యూయల్ సెల్స్ చూసుకునేవాణ్ణి. కరెంటు పోయినప్పుడు డీజిల్ జనరేటర్‌కు బదులు హైడ్రోజన్‌తో కరెంటు తీసే యంత్రాలవి. లోపలి స్టాక్, అంటే ఒకదానికొకటి ఆనించి పేర్చిన పలకల దొంతర, దాని ప్రాణం. ఆ పలకల మీది ప్లాటినం పూతే హైడ్రోజన్‌తో పని చేయిస్తుంది.

సోమశిల దారిలో గుట్ట మీది టవర్‌కు కుర్మయ్య ఆపరేటర్. యాభై దాటిన మనిషి, పిల్లల్లేరు. భార్య బాలమ్మ పక్షవాతంతో మంచాన పడింది. గుట్ట కిందే ఇల్లు. మధ్యమధ్య దిగివెళ్లి ఆమెను పక్కకు తిప్పి, నీళ్లు తాగించి రావచ్చు. అందుకే ఆ కొలువును కళ్లకద్దుకుని చేసేవాడు.

ఆ టవర్‌లో వోల్టేజీ పడిపోతోందని ఫిర్యాదు వస్తే వెళ్లాను. యంత్రం తన నడకను తానే నమోదు చేసుకునే లాగ్ తీసి చూశాను. రోజుకు నాలుగైదుసార్లు ఎవరో చేత్తో ఆపారు. అలా మాటిమాటికీ ఆపి నడిపితే స్టాక్ దెబ్బతింటుంది. నాకు ఒళ్లు మండింది.

"ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"కొత్త సిలిండర్లు వచ్చినకాడికెల్లి గిట్లనే చేస్తుంది సారూ. మొదలు మంచిగనే నడుస్తది, జర సేపటికి దమ్ము పోతది. బందువెట్టి గాలి తగలనిస్తే మల్ల లేస్తది."

"సిలిండర్లలోని హైడ్రోజన్ స్వచ్ఛమైనదేనని సర్టిఫికెట్ ఉంది. మిషన్‌కు నీ వైద్యం అక్కర్లేదు."

"నాకు సదువు రాదు సారూ. సూసింది చెప్పిన."

నేను వినలేదు. ఆపరేటర్ తప్పు వల్ల స్టాక్ పాడైందని రిపోర్టు రాసి వచ్చేశాను. వారంలో కుర్మయ్యను తీసేశారు.

కొత్త స్టాక్ బిగించాం. దాన్ని ఎవరూ చేత్తో ఆపలేదు. అయినా నెల తిరక్కముందే అదీ చతికిలబడింది. అప్పుడుగానీ సిలిండర్‌లోని గ్యాస్‌ను పరీక్షకు పంపాలని నాకు తోచలేదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ తేలింది.

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే మనుషుల్ని చంపేది ఈ వాయువే. మన రక్తంలో ఆక్సిజన్ చోటును కాజేసినట్టే, ప్లాటినం మీద హైడ్రోజన్ చోటును కాజేస్తుంది. పది లక్షల పాళ్లలో పది పాళ్లున్నా మామూలు స్టాక్ తట్టుకోలేదు. రంగూ వాసనా లేవు కాబట్టి చూసి పట్టుకోలేం. అయితే ఆపి గాలి తగలనిస్తే, గాలిలోని ఆక్సిజన్ దాన్ని వదిలిస్తుంది, స్టాక్ కోలుకుంటుంది. నడుస్తుండగానే హైడ్రోజన్‌లోకి కొద్దిగా గాలి వదిలి స్టాక్‌కు తట్టుకునే శక్తినిచ్చే పద్ధతి ఒకటుంది, ఎయిర్ బ్లీడ్ అంటారు. నేను చదువుకున్న పాఠమే. కుర్మయ్య దాన్ని కళ్లతో చూసి చెబితే వెక్కిరించాను.

రిపోర్టు మార్చి రాసి, పైవాళ్లతో మాట్లాడి, అతని కొలువు తిరిగి ఇప్పించాను. ఆ సంగతి నేనే చెప్పాలని ఇంటికి వెళ్లాను. కుర్మయ్య నున్నటి గుండుతో గడపలో కూర్చుని ఉన్నాడు. కొలువు పోయాక బాలమ్మను ఆమె చెల్లెలింట్లో వదిలి, హైదరాబాద్‌లో బిల్డింగు పనికి వెళ్లాడట. పది రోజుల కిందట ఆమె పోయింది. కబురు అంది అతను వచ్చేసరికే ప్రాణం లేదు.

"తప్పు నాది కుర్మయ్యా. నువ్వు చెప్పిందే నిజం. రేపటి నుంచి పనిలోకి రా."

అతను కోపపడలేదు. తిట్టినా బాగుండేది.

"ఇంటికాడుండే కొలువు ఇప్పుడెందుకు సారూ? ఇంట్ల ఎవరున్నరు?"

లేచి వచ్చాను. బండి తీశానే గానీ కొల్లాపూర్ దాకా ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఏ టవర్‌కు వెళ్లినా లాగ్ తీయకముందే ఆపరేటర్‌ను అడుగుతాను. అతను చెప్పింది అతని మాటల్లోనే రాసి, చదివి వినిపించాకే నా సంతకం. ఆ రోజు కుర్మయ్య మాటను ఒక్క వరుసలో రాసి ఉంటే, బాలమ్మ పోయేటప్పుడు అతను ఆమె పక్కన ఉండేవాడు.