బావ గెలవని పులి–మేక

మా చిన్నతనంలో, బాపట్ల ఇంట్లో, శనివారం సాయంత్రమైతే వసారా గచ్చు మీద బొగ్గుతో పులి–మేక పటం గీసేదాన్ని...

పైన ఒక కొన. అక్కడి నుంచి కిందికి విచ్చుకునే గీతలు, వాటిని దాటుతూ అడ్డగీతలు. గీతలు కలిసిన చోట కాయ పెట్టాలి. సూర్యలంక ఒడ్డున ఏరుకొచ్చిన మూడు గవ్వలు పులులు. పదిహేను చింతపిక్కలు మేకలు.

మేక వెనక ఖాళీ ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. మేక ఎవరినీ చంపదు. ఒక్కొక్కటే వచ్చి కూర్చుని, పులికి దారి లేకుండా చుట్టూ మూసేస్తుంది... అంతే.

చదరంగం తర్వాత నేర్చుకున్నాను. గో అనే ఆట గురించి ఉద్యోగంలో చేరాక చదివాను... కాయలు పెట్టుకుంటూ పోయి ఎదుటివారిని చుట్టేయడం. పులులు ఆడేవారిది చదరంగం, మేకలు ఆడేవారిది గో. ఆ రెండూ మా వసారాలో ఒకే పటం మీద నడిచేవని అప్పుడు తెలియదు.

నేను ఏడో తరగతిలో ఉండగా అక్కకు పెళ్లయింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు ఇంకా ఉన్నాయి. అవి రాసేదాకా పుట్టింట్లోనే ఉంటానంది అక్క. "చదివింది చాలు, పంపించండి" అని రేపల్లె నుంచి వాళ్ల అత్తగారు కబురు పెట్టారు. బావ అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. తెనాలిలో రైలు మారి, అక్కను తీసుకెళ్లడానికి వచ్చాడు.

అది శనివారం సాయంత్రం. అక్క లోపలి గదిలో పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. అమ్మ కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. బావ వసారాలోకి వచ్చి, నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏం మరదలా, పులులు నాకేనా?"

"పెద్దవాళ్లకే కదా బావా పులులు."

"ఓడిపోతే ఏడవకూడదు మరి."

"ముందు మీరు గెలవండి, చూద్దాం."

"ఏమే, అల్లుడుగారితో ఆ మాటలేంటే?" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

బావ నవ్వాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు... "పందెం అత్తయ్యగారూ! నేను గెలిస్తే రేపు చర్చిలో ఆరాధన అవగానే మీ అమ్మాయిని తీసుకెళ్తాను. ఓడితే వచ్చే శనివారం దాకా తను ఇక్కడే."

లోపల పేజీలు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది.

బావకు చదరంగం బాగా వచ్చని పేరు. ఆట మొదట్లోనే రెండు మేకల్ని చంపాడు. అప్పుడు మేకల్ని జంటలుగా పెట్టడం మొదలుపెట్టాను, ఒకదాని వెనక ఒకటి... వెనక ఖాళీ లేకపోతే పులి దూకలేదు. లైట్లు వేసే వేళకు మూడు గవ్వలూ పైకొన దగ్గర ఇరుక్కున్నాయి.

"ఇంకో ఆట" అన్నాడు బావ.

"రేపు ఆదివారం బాబూ, ఇక చాలు" అంటూ అమ్మ తడిగుడ్డతో గీతలు తుడిచేసింది. ఆదివారం మా ఇంట్లో ఆటలు లేవు. బావ ఒక్కడే రేపల్లె వెళ్లాడు.

తర్వాతి శనివారం మళ్లీ వచ్చాడు.

"మీ అమ్మగారు ఏమన్నారు?" అని అమ్మ భయంగా అడిగింది.

"నలుగురిలో ఇచ్చిన మాట తప్పమంటావా అన్నానండి. ఇంకేమీ అనలేదు."

ఆ వారమూ ఓడాడు. ఆపై వారమూ అంతే. ఒకసారి జాలేసి, "ఈసారి మీరు మేకలు తీసుకోండి బావా" అన్నాను. మేకలవాళ్లు తొందరపడకపోతే పులులు గెలవడం కష్టం. ఆడిన ప్రతివారికీ తెలిసిన సంగతే. బావ ఒప్పుకోలేదు. "పులులే ఇవ్వు" అన్నాడు.

ప్రతి శనివారం ఆటకు ముందు అక్క నన్ను పక్కకు పిలిచి ఒకే మాట చెప్పేది. "నా చదువు నీ చేతిలో ఉందే. జాగ్రత్త."

పరీక్షలు అయిపోయాయి. ఆ శనివారం అక్క నాకు జడ వేస్తూ, "ఇవాళ వదిలెయ్యవే" అంది.

"ఓడిపోవాలా?"

"మరి ఆయన ఎన్నాళ్లని ఒక్కరే వెళ్తారు?"

ఆట సగంలో ఒక మేకను పక్కకు జరిపాను. దాని ముందున్న మేక వెనక ఖాళీ అయింది. బావ గవ్వ మీద వేలు పెట్టి, తీసేశాడు. ఇంకో పులిని దూరంగా జరిపాడు. నేను ఇంకో మేకను వదిలాను. దాన్నీ ముట్టుకోలేదు.

"బావా, అక్కడ మేక ఉంది."

"కనపడుతోంది."

"మరి చంపరేం?"

"పరీక్షలైపోయాయిగా... పాపం, ఇంకా దాన్నెందుకు చంపడం? మీ అక్కని పెట్టె సర్దుకోమను."

అక్క గుమ్మంలోకి వచ్చింది. "అంటే ఇన్నాళ్లూ కావాలనే ఓడారా?"

"మీ చెల్లి బాగానే ఆడింది" అన్నాడు బావ. "నేనూ బాగానే ఓడాను."

అక్క పాసైంది. రేపల్లెలోనే చాలా ఏళ్లు టీచరుగా పనిచేసింది. ఆ ఆటల్లో నేను గెలిచినవి ఎన్ని, బావ ఇచ్చినవి ఎన్ని... ఇప్పటికీ తేలలేదు. పోలీసు ఉద్యోగంలో చాలామంది చేత నిజం చెప్పించాను. బావ దగ్గర మాత్రం కుదరలేదు.

ఇప్పుడు పులి–మేక ఫోనులోనే ఉంది. గచ్చు అక్కర్లేదు, బొగ్గు అక్కర్లేదు, ఎదురుగా మనిషీ అక్కర్లేదు. నిన్న ఆడుతూ, చూద్దామని ఒక మేకను వదిలాను.

ఫోను వెంటనే దూకి చంపేసింది...

మీ ఇంట్లో పులులు ఎవరు ఆడేవారు? మీ కోసం తెలిసి తెలిసీ ఓడిపోయిన వాళ్లు ఉంటే, వాళ్ల గురించి ఇక్కడ నాలుగు మాటలు రాయండి.