పాత కెర్నల్ తుడిచెయ్యని మనిషి

దగ్గరికి జరిగి కూర్చోండి, శామీర్‌పేట కంప్యూటర్ సెంటర్ ఆయన గురించి చెబుతాను. ఏ అప్‌డేట్ వచ్చినా ఆయన పాత కెర్నల్‌ను తుడిచేసేవాడు కాదు. కంప్యూటర్‌కూ, దానికి తగిలించిన మిషన్లకూ మధ్య మాట నడిపేది కెర్నలేనని ఆయనే చెప్పాడు.

ఒకసారి ఆయన సెంటర్‌కు వెళ్లాను; బియ్యం కార్డులో నా పేరు నిలవాలంటే ఆ రోజే వేలిముద్ర పడాలి. పొద్దున కంప్యూటర్ అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి వేలిముద్ర మిషన్ ఉలకదు, పలకదు. ఆయన ఫోన్ చేస్తే పై ఆఫీసు వాడు, "అది ఏళ్ల తరబడి చెడిపోని సిస్టమ్. ముసలామె వేళ్లే అరిగుంటాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తప్పు వాళ్లది, వంక నాట్లేసిన నా వేళ్లకా?

"అవ్వ ఏలు మంచిగనే ఉంది సార్! మీ కొత్త కెర్నలే గీ మిషన్‌ను గుర్తు పడ్తలేదు" అని ఆయన గద్దించి, కంప్యూటర్ ఆపి, పాత కెర్నల్‌తో మళ్లీ తెరిచాడు.

"ఇగ పెట్టు అవ్వా."

పచ్చ లైటు వెలిగింది, వేలిముద్ర పడింది.

మీ ఇంట్లో కష్టపడిన ఏ చేతికీ అరిగిపోయిందన్న మాట రాకూడదు. చల్లగా ఉండండి.