పాముకి కట్టిన ఇల్లు

ఆ రోజుల్లో నాకు పని వచ్చని పదిమందికీ చెప్పుకోవడమంటే మహా సరదా. రియాద్‌లో, మలాజ్ అనే పేటలో ఒకరింట పనికి కుదిరి రెండేళ్ళు కావస్తోంది. అమ్మ పోయాక నేనే పెంచిన చెల్లికి మాఘమాసంలో పెళ్ళి. సెలవిస్తానని మేడమ్ మాటిచ్చింది. సరిగ్గా అప్పుడే, యూనివర్సిటీలో చదివే వాళ్ళ పెద్దబ్బాయి ప్లాస్టిక్ డబ్బాలో ఒక పామును పెట్టుకొచ్చాడు. (విషం లేనిదట. ఆ సంగతి పాము నాకు చెప్పలేదు.) దుకాణంలో అద్దాల పెట్టె ఖరీదు విని మేడమ్ గుండె పట్టుకుంది. "ఇంటి ఖర్చులోంచి ఒక్క రియాల్ ఇవ్వను, ఉన్నవాటితోనే ఏదో చేసుకోండి" అంది. నేను ఊరుకోవచ్చు కదా! మా నాన్న కోళ్ళగూళ్ళు కట్టేవాడనీ, మేకులందిస్తూ నేనూ నేర్చుకున్నాననీ, నాకొచ్చిన అరబ్బీ అంతా ఖర్చుపెట్టి చెప్పాను.

మేడమీద పాత టీవీ స్టాండు ఒకటి దుమ్ము కొట్టుకుపోతోంది. దాని అద్దాల తలుపులు తుడిచి, వెనక పలక కోసి కిటికీ జాలీ ముక్క కొట్టాను. వెచ్చదనానికి టేబుల్ లైటు బల్బు, అది పాముకి తగలకుండా చుట్టూ ఇంకో జాలీ, దాక్కోవడానికి పగిలిన పూలకుండీ, నీళ్ళకి కూరగిన్నె. (ఆ గిన్నె కోసం మేడమ్ వారం రోజులు వెతికింది.) అన్నిటికంటే గొప్పది గడియ. తలతో ఎంత తోసినా కదలకుండా బిగించాను. పాము లోపలికెళ్ళి సుఖంగా చుట్టచుట్టుకుంది, ఇంటిల్లిపాదీ "మాషా అల్లా" అని మెచ్చుకున్నారు. ఫోటో పంపిస్తే మా చెల్లి మాత్రం "అక్కా, నీకేవైనా పిచ్చెక్కిందా ఏటి?" అంది.

నెల తిరక్కుండా పెద్దబ్బాయికి మోజు తీరింది. పాము తిండికని ఫ్రీజర్లో కోడిమాంసం పక్కన పెట్టిన ఎలుకల్ని కరగబెట్టి పటకారుతో అందించడం నా పనుల్లో చేరింది. ఇంతలో నాగులచవితి వచ్చింది. పుట్ట దాకా పోనక్కర్లేదు, దేవుడు ఇంట్లోనే ఉన్నాడు కదా అని తలస్నానం చేసి, గిన్నెలో పాలు పోసి లోపల పెట్టాను. "నాగన్నా, చెల్లి పెళ్ళికి నన్నంపించు, మా ఊరి పుట్టలో జంటగుడ్లు వేయిస్తాను" అని మొక్కాను. ఆయన గిన్నె బోర్లించి కుండీలోకి పోయాడు. ఆ పాలు ఇసుకలో ఇంకి మూడు రోజులు కంపు కొట్టాయి.

పుష్యమాసంలో ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం అడిగాను. అది వాళ్ళు తీసిస్తేనే నేను ఊరెళ్ళగలిగేది. మేడమ్ నవ్వుతూనే చెప్పింది. "నువ్వెళ్తే పామును ఎవరు చూస్తారు? మాకందరికీ భయం. ఆ పని నీకొక్కదానికే వచ్చు. అబ్బాయి పరీక్షలు అవనీ, ఇన్షా అల్లా." ఫోన్లో చెల్లి ఏడ్చింది. "నువ్వు రాపోతే నన్ను పెళ్ళికూతుర్నెవరు చేత్తారక్కా?" పెళ్ళిని ఆ పెట్టె పక్కన నిలబడి ఫోన్లో చూశాను. తాళి కట్టే సమయానికి, ఎలుక కరిగిందా అని మేడమ్ వంటింట్లోంచి కేకేసింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఇప్పుడు ఇంకో ఇంట్లో చేస్తున్నాను. మొన్న ఇక్కడి మేడమ్ చిలకల పంజరం తెచ్చి, తలుపు నిలవడం లేదు, బాగుచెయ్యడం వచ్చా అని అడిగింది.

"రాదు మేడమ్" అన్నాను.

అరబ్బీ అంతా ఖర్చుపెట్టిన ఆనాటి పిచ్చిది గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, పెట్టె మాత్రం ఎంత బాగా కట్టిందో! ఈ పంజరం గడియకి ఒక్క మేకు వంచితే చాలని కనబడుతూనే ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.